ఉప్పునీటి అక్వేరియంలోని టార్చ్ కోరల్ (పగడం)లో ఒక హెడ్ ముడుచుకుపోయింది, కండ జారుతోంది. ఏం జబ్బు ఇది?

కొత్తకెరటం
ట్యాంక్ 200 లీటర్లు, నడుస్తూ ఏడాది దాటింది. మూడు హెడ్‌ల (కాడ మీద నోరు, టెంటకిల్స్ ఉండే మూడు పాలిప్‌ల) టార్చ్ కోరల్ ఉంది. మొన్నటిదాకా సాయంత్రం లైట్లు పడగానే గుత్తిలా విచ్చుకునేది. ఇప్పుడు ఎడమ వైపు హెడ్ అసలు తెరుచుకోవట్లేదు. టెంటకిల్స్ పొట్టిగా ముడుచుకుని ఉన్నాయి, ఒక అంచున కండ కిందికి జారి స్కెలిటన్ పళ్లు పళ్లుగా కనిపిస్తోంది. మిగతా రెండూ సగం సగం తెరుచుకుంటున్నాయి.

రీడింగులు: సాలినిటీ 1.026, టెంపరేచర్ 26, ఆల్క్ (నీళ్లలో కార్బోనేట్ మోతాదు) 8.5 డీకేహెచ్, కేల్షియం 430, మెగ్నీషియం 1320, నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06.

ఒకరు బ్లీచింగ్ అన్నారు, ఇంకొకరు లైటు తగ్గించమన్నారు, మరొకరు అయోడిన్ పోయమన్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఫోటో పెట్టాను. టెన్షన్‌గా ఉంది.

ఉప్పుబస్తా
ఎవరి మాటా వినకండి. ముందు సీసా పక్కన పెట్టండి. ఏం జరిగిందో తెలియకుండా ట్యాంక్‌లో ఏదీ పోయొద్దు.

నీలిలైటు
లైటే. నూటికి తొంభై కేసుల్లో లైటే. ఇంటెన్సిటీ ఎంత పెట్టారు? టార్చ్‌కి పార్ (కోరల్‌కి అందే వెలుతురు కొలత) 100, 150 మధ్య చాలు. 60 శాతానికి దించి వారం ఆగి చూడండి.

పగడాలపిచ్చి
నీలిలైటు గారూ, ఆ తొంభై ఎక్కడ లెక్కపెట్టారో గానీ, ముందు ఆయన చెప్పింది బ్లీచింగో కాదో తేల్చుకుందాం.

బ్లీచింగ్ అంటే రంగు పోవడం. కండ పోవడం కాదు. కోరల్ కండలో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే కాపురం ఉంటుంది. గోధుమ రంగు, కోరల్‌కి అందే తిండిలో పెద్ద భాగం, రెండూ దాని వల్లే. వేడి ఎక్కువైనా, లైటు ఒక్కసారిగా పెరిగినా కోరల్ దాన్ని బయటికి తోసేస్తుంది. అప్పుడు కండ గాజులా పారదర్శకంగా మారి కింద స్కెలిటన్ తెల్లగా కనిపిస్తుంది. అయినా పాలిప్ బతికే ఉంటుంది. మైసిస్ (చిన్న రొయ్యల మేత) ముక్క అందిస్తే పట్టుకుంటుంది, ముట్టుకుంటే ముడుచుకుంటుంది.

మీరు చెప్పేది అది కాదు. కండే లేదు, స్కెలిటన్ బయటపడింది. తేడా పట్టుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. తెల్లగా ఉన్న చోట కొన్నాళ్లకి పచ్చగా ఆల్గే పొర పడితే అక్కడ కండ చచ్చినట్టే. బతికున్న కండ మీద ఆల్గే నిలవదు. బ్లీచ్ అయిన కోరల్‌ని తిండి పెట్టి, లైటు తగ్గించి తిరిగి తెచ్చుకోవచ్చు. కండ జారుతుంటే మాత్రం కారణం పట్టుకోవాలి, లేకపోతే ఆ హెడ్ మిగలదు.

కొత్తకెరటం
మూల్లో కొంచెం పచ్చ గీత కనిపిస్తోంది. అంటే కండ పోయినట్టే. లైటు 50 శాతం దగ్గరే ఉంది, చాలా నెలలుగా ముట్టుకోలేదు.

నీలిలైటు
సరే, అయితే ఫ్లో. వేవ్‌మేకర్ (నీటిని తోసే పంపు) నేరుగా దాని మీదికి కొడుతోందా? టార్చ్‌కి నేరుగా ధార తగిలితే కండ స్కెలిటన్ అంచుకి రాసుకుని చిరుగుతుంది.

ఆల్గేబాబాయ్
మొదట లైటు, తర్వాత ఫ్లో, ఇంకాసేపాగితే వాస్తు అంటారు.

నీలిలైటు
బాబాయ్, మీ ట్యాంక్‌లో ఆల్గే తప్ప ఏదీ బతకదు, మీరు ఆగండి.

సంప్‌సుబ్బు
ఇద్దరూ ఆగండి. కోరల్ బాలేదంటే నేను మొదట అడిగేది ఒకటే. బాలేనిది ఒక్కటేనా, అన్నీనా?

నీరు చెడితే ఒక్క కోరల్‌ని పట్టుకుని కూర్చోదు. సాలినిటీ తేడా వచ్చినా, ఆల్క్ ఎగిరినా, హీటర్ ఆగకుండా పనిచేసినా, ఏదో లోహం నీళ్లలో కరుగుతున్నా ట్యాంక్ మొత్తం మీద కనిపిస్తుంది. జోవాలు (గుండీల్లాంటి మెత్తటి కోరల్స్) మూసుకుంటాయి, నత్తలు గాజు ఎక్కడం మానేస్తాయి, రొయ్య దాక్కుంటుంది. అలా కాకుండా ఒక్క కోరల్, అందులోనూ ఒక్క వైపే దెబ్బతింటే ఆ చోట ఏదో ఉంది. పక్కన ఉన్న కోరల్, దాని మీద ఉన్న పురుగు, దానికి తగిలే ధార, దాన్ని కొరికే చేప, ఈ నాలుగిట్లో వెతకాలి.

మీరు పెట్టిన ఫోటోలో టార్చ్ ముఖం తప్ప ఏమీ లేదు. దూరం నుంచి ట్యాంక్ మొత్తం పడేలా ఒక ఫోటో తీయండి.

రీఫ్‌రాధ
సుబ్బు గారి మాటకి నా ఓటు. కాకపోతే ఒక విషయం కలుపుతా. రీడింగులు చక్కగా ఉన్నాయని నమ్మేయకండి. సాలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని దేనితో క్యాలిబ్రేట్ చేశారు? ఆర్ఓ నీళ్లతో సున్నా పెడితే సున్నా దగ్గరే సరిగ్గా ఉంటుంది, పైన ఎంత తప్పిందో తెలియదు. 35 పీపీటీ క్యాలిబ్రేషన్ ద్రవంతో చూడండి. మా ట్యాంక్‌లో 1.026 చూపించింది నిజానికి 1.030 అని అలాగే బయటపడింది. నాకైతే అప్పుడు జోవాలన్నీ ముడుచుకున్నాయి, కాబట్టి మీ కేసు అదే అనట్లేదు.

కొత్తకెరటం
35 ద్రవంతోనే చూశాను, సరిగ్గానే ఉంది. జోవాలు, లెదర్ కోరల్, హామర్ కోరల్ అన్నీ బాగున్నాయి. నత్తలు మామూలుగానే తిరుగుతున్నాయి. మొత్తం ఫోటో పెట్టాను. టార్చ్‌కి ఎడమ వైపు జానెడు దూరంలో కనిపించేది గెలాక్సియా కోరల్, ఈమధ్యే వచ్చింది. వేవ్‌మేకర్ కూడా ఎడమ గోడకే ఉంది, కానీ ధార టార్చ్ పైనుంచి పోతుంది, నేరుగా తగలదు.

రీఫ్‌రాధ
గెలాక్సియా! ఇంకేం కావాలి.

పగడాలపిచ్చి
నేనూ అదే అనబోతున్నా. పగలు చూస్తే చిన్న చిన్న నక్షత్రాల్లా ముద్దుగా ఉంటుంది. రాత్రి పక్క కోరల్స్‌ని కుట్టే పొడవాటి స్వీపర్ టెంటకిల్స్ వదులుతుంది. జానెడు దాటి కూడా సాగుతాయి. ప్రవాహం ఎటు ఉంటే అటు కొట్టుకుపోతాయి, మీ ప్రవాహం ఎడమ నుంచి కుడికి ఉంది, టార్చ్ కుడి వైపున ఉంది. లెక్క సరిపోయింది.

నీలిలైటు
నా ట్యాంక్‌లో హామర్, గెలాక్సియా పక్కపక్కనే ఉన్నాయి. ఏమీ కాలేదు.

పగడాలపిచ్చి
ప్రవాహానికి ఏది ముందుంది?

నీలిలైటు
హామర్ ముందు, గెలాక్సియా వెనక.

పగడాలపిచ్చి
అందుకే ఏమీ కాలేదు. 🙂

మైసిస్‌ముక్క
టార్చ్ కూడా తక్కువది కాదు, అది హామర్‌నే కుడుతుంది. చూడ్డానికి దూదిలా ఉంటుంది గానీ కుట్టడంలో రౌడీ.

ఆల్గేబాబాయ్
బ్రిసిల్ వార్మ్ ఉందేమో చూడండి. మా తమ్ముడి ట్యాంక్‌లో చచ్చిన హెడ్‌లోంచి వేలంత పురుగు బయటికొచ్చింది. అదే తినేసింది.

సంప్‌సుబ్బు
బాబాయ్, శవం దగ్గర కనిపించాడని పంచనామాకి వచ్చిన కానిస్టేబుల్‌ని పట్టుకుని జైల్లో వేసినట్టుంది. మామూలు బ్రిసిల్ వార్మ్‌లు కుళ్లిన కండ వాసన పట్టి వస్తాయి. బాగున్న కోరల్‌ని కొరకవు. వాటి వల్లే ఇసుక, రాళ్ల సందులు శుభ్రంగా ఉంటాయి. నిప్పు పురుగు అనే ఫైర్ వార్మ్ సంగతి వేరు, అది నిజంగానే కోరల్‌ని తింటుంది, కానీ ట్యాంకుల్లో అరుదు.

ఆక్రోభక్తుడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఆక్రోపోరా అనే కొమ్మల కోరల్. అడుగు నుంచి పైకి మెల్లగా తెల్లబడుతోంది. కొమ్మల కొసలు మాత్రం రంగుతోనే ఉన్నాయి. ఇది ఎస్‌టీఎనా, ఆర్‌టీఎనా?

ఉప్పుబస్తా
ఇంకో దారం (థ్రెడ్) తెరవొచ్చు కదా.

రీఫ్‌రాధ
ఉండనివ్వండి, విషయం ఒకటేగా. గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో కోరల్ మొత్తం ఒలిచినట్టు కండ ఊడిపోతే ఆర్‌టీఎన్. మెల్లగా వారాల తరబడి పాకితే ఎస్‌టీఎన్. రెండూ జబ్బు పేర్లు కావు, కండ ఎంత వేగంగా పోతోందో చెప్పే మాటలే. కారణం ఏదైనా కావచ్చు. మీది ఎస్‌టీఎన్ లాగే ఉంది. ఆల్క్ ఎంత?

ఆక్రోభక్తుడు
పోయిన నెల 8. ఇప్పుడు 11. డోసింగ్ మార్చలేదు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి.

సంప్‌సుబ్బు
డోసింగ్ మార్చకుండానే ఆల్క్ పెరిగిందంటే ఏంటి? కోరల్స్ వాడుకోవడం తగ్గింది. పెరుగుదల ఆగిపోతే స్కెలిటన్ కట్టడానికి కార్బోనేట్ అక్కర్లేదు, మీరు పోసింది పోసినట్టే నీళ్లలో మిగులుతుంది. ఆల్క్ వాడకం తగ్గడం తొలి హెచ్చరిక, రంగు మారకముందే చెబుతుంది. నేను ఆక్రో ట్యాంక్‌లో రోజూ ఒకే వేళకి ఆల్క్ చూసుకునేది అందుకే.

ఇప్పుడు 11 నుంచి ఒక్కరోజులో 8కి దించేయకండి. రోజుకి ఒక డీకేహెచ్ లోపే మార్పు ఉండాలి. డోస్ తగ్గించి దానంతటదే దిగనివ్వండి. అలాగే నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అని సంబరపడొద్దు. ఆకలితో ఉన్న కోరల్‌కి ఎక్కువ ఆల్క్ అసలు పడదు. చేపలకి తిండి కాస్త పెంచండి, నైట్రేట్ 5 దాకా, ఫాస్ఫేట్ 0.03 పైకి రానివ్వండి. సున్నా దగ్గరే ఉంచితే డైనోలు (జిగటగా కప్పే సూక్ష్మజీవులు) కూడా దిగుతాయి, అప్పుడు ఈ దారం సరిపోదు.

పగడాలపిచ్చి
సుబ్బు గారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. ఆల్క్, ఆకలి రెండూ కలిస్తే మామూలుగా కొసలు కాలతాయి. ఈయనకి కొసలు బాగున్నాయి, అడుగు పోతోంది. నాకైతే ఫ్లాట్‌వార్మ్ మీద అనుమానం. ఆక్రో తినే ఫ్లాట్‌వార్మ్ కోరల్ రంగులోనే ఉంటుంది, కంటికి దొరకదు. కొమ్మల నీడ వైపు గుండ్రంగా, పాలిపోయిన కాటు మచ్చలు ఉన్నాయా చూడండి. అడుగున కండ లేని చోట గోధుమ రంగు గుడ్లు గుంపులుగా అతికి ఉంటాయి. కొమ్మని నీళ్లలోనే పట్టుకుని బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న గొట్టంతో) నీళ్లు గట్టిగా కొట్టి చూడండి, ఉంటే రాలతాయి. పురుగుల వల్ల పెరుగుదల ఆగినా ఆల్క్ ఇలాగే ఎక్కుతుంది కదా.

సంప్‌సుబ్బు
అదీ నిజమే. రెండూ చూడమనండి.

కొత్తకెరటం
అర్ధరాత్రి లైట్లన్నీ ఆగాక ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటుతో చూశాను. మొదట ఏమీ కనపడలేదు. కాసేపు కదలకుండా కూర్చుంటే గెలాక్సియా నుంచి సన్నని దారాలు, సాలెపోగుకన్నా కొంచెం లావు, మొనల దగ్గర తెల్లటి బొడిపెలు. నీటి వాలుకి ఊగుతున్నాయి. ఒకటి వచ్చి సరిగ్గా కండ జారిన అంచునే తాకింది. తాకగానే ఆ హెడ్ అంతా లోపలికి లాక్కుంది. మళ్లీ మెల్లగా ఉబ్బడం, మళ్లీ తాకడం, మళ్లీ లాక్కోవడం. చూస్తుంటే కడుపులో దేవినట్టయింది.

రీఫ్‌రాధ
దొరికాడు దొంగ.

నీలిలైటు
సరే, నా లైటు వాదన వెనక్కి తీసుకుంటున్నా. ఫ్లోలో సగం నాదే.

ఆల్గేబాబాయ్
సగం మార్కులు రాసుకోండి.

పగడాలపిచ్చి
గెలాక్సియాని వెంటనే అటు చివరికి, ప్రవాహం టార్చ్ వైపు రాని చోటికి మార్చండి. టార్చ్‌ని కదపకండి. ఇప్పటికే నలిగి ఉంది, చోటు మారిస్తే లైటు, ఫ్లో రెండూ మళ్లీ అలవాటు పడాలి. గాయపడ్డ హెడ్‌ని రోజూ చూడండి. గాయం మీద గోధుమ రంగు జిగురు కనిపిస్తే ఆగకుండా ఇక్కడ చెప్పండి.

కొత్తకెరటం
చెప్పినంత పనీ అయింది. గెలాక్సియాని మార్చాను. ఈ పొద్దున చూస్తే ఆ హెడ్ మీద గోధుమ రంగు జిగురు, పొగలా ఊగుతోంది. ముట్టుకుంటే విడిపోతోంది. మిగతా రెండు హెడ్‌లు బాగానే ఉన్నాయి.

రీఫ్‌రాధ
బ్రౌన్ జెల్లీ. ఇక ఆలస్యం వద్దు, పక్క హెడ్‌లకి పాకుతుంది.

ముందు పంపులన్నీ ఆపండి. బేస్టర్‌తో ఊదకండి, ఆ జిగురు ట్యాంకంతా చెదిరి ఇంకో యూఫిలియా (టార్చ్, హామర్ జాతి) మీద పడుతుంది. సన్నని పైపుతో సైఫన్ పెట్టి జిగురుని బకెట్‌లోకి లాగేయండి. ఆ నీళ్లు పారబోయాలి, తిరిగి పోయకూడదు. తర్వాత కోరల్‌ని బయటికి తీసి ట్యాంక్ నీళ్లున్న వేరే గిన్నెలో పెట్టండి.

మీది కొమ్మల టార్చ్ కాబట్టి అదృష్టం. ఒక్కో హెడ్‌కి విడిగా కాడ ఉంటుంది. బతికున్న కండ కాడ మీద ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి బాగా కిందగా జబ్బు హెడ్ కాడని కట్ చేయండి. బోన్ కట్టర్ చాలు. కళ్లద్దాలు, గ్లవ్స్ మర్చిపోకండి. మిగిలిన రెండు హెడ్‌లని అయోడిన్ డిప్‌లో (కోరల్‌ని కాసేపు ముంచే మందు నీళ్లలో), సీసా మీద రాసిన మోతాదులో, రాసినంత సేపే ఉంచి, శుభ్రమైన ట్యాంక్ నీళ్లలో కడిగి పెట్టేయండి. ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేయదు, ఎక్కువ కాలుతుంది.

మైసిస్‌ముక్క
ఆ జిగురు చుక్కని మైక్రోస్కోప్ కింద చూశాను ఒకసారి. సిలియేట్లు (ఏకకణ జీవులు) కిటకిటలాడుతూ తిరుగుతున్నాయి, కొన్నిటి కడుపులో కోరల్ నుంచి మింగిన గోధుమ ఆల్గే కూడా కనిపించింది. ఆ రంగు అదే.

నీలిలైటు
సిప్రోఫ్లాక్సాసిన్ వాడితే కట్ చేయకుండానే ఆగుతుందని చాలామంది చెబుతున్నారు. ట్యాంక్‌లోనే వేసేయొచ్చట.

సంప్‌సుబ్బు
ట్యాంక్‌లో మాత్రం వద్దు. యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అని అడిగి చంపదు. ఫిల్టర్ బ్యాక్టీరియా దెబ్బతింటే రేపు అమ్మోనియా కోసం ఇంకో దారం తెరుస్తారు. వాడి తీరాలంటే వేరే గిన్నెలో, చీకట్లో పెట్టాలి. ఆ మందు వెలుతురికి పాడవుతుంది. ఆ నీళ్లు డ్రెయిన్‌లో పోయడం కూడా నాకు ఇష్టం లేదు, మందులకి లొంగని బ్యాక్టీరియా అలాగే తయారవుతుంది. ఒక్క హెడ్‌కి జబ్బు వచ్చి, కట్ చేసే వీలున్నప్పుడు కట్టరే మంచి మందు.

నీలిలైటు
గోడలా ఒకే ముక్కగా ఉండే వాల్ హామర్ అయితే? కట్ చేయడానికి కాడలేవి?

సంప్‌సుబ్బు
అప్పుడు మీ మాట ఆలోచించాల్సిందే. వాల్ హామర్‌లో కండ ఒకటే పొర, ఒక చోట మొదలైతే చివరిదాకా పోతుంది. అక్కడ సిప్రో డిప్ అంటే నేను అడ్డుపడను.

ఉప్పుబస్తా
కోసేవాళ్లకి ఒక మాట. పక్కన జోవాలు, పాలిథోవాలు ఉంటే వాటి జోలికి పోవద్దు. వాటిలో పాలిటాక్సిన్ ఉంటుంది. చేతి మీద చిన్న గాయం ఉన్నా ప్రమాదం. వాటిని కోసేటప్పుడు చిందే తుంపర కంట్లో పడకూడదు. అవి ఉన్న రాయిని వేడి నీళ్లలో మరిగించడం లాంటి పనులు అసలు చేయొద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి.

కొత్తకెరటం
కట్ చేశాను. చచ్చిన హెడ్ వాసన చెప్పనలవి కాదు, కిటికీలన్నీ తెరిచినా పోలేదు. డిప్‌లో మిగతా రెండు హెడ్‌ల నుంచి ఒక్క పురుగు కూడా రాలలేదు, జిగురు కూడా రాలేదు. తిరిగి ట్యాంక్‌లో పెట్టాను. ఒక రోజంతా మొహం చాటేశాయి.

మైసిస్‌ముక్క
మామూలే. ఇప్పుడే తిండి పెట్టకండి. ముడుచుకున్న నోట్లో ముక్క పెడితే తినదు, అక్కడే కుళ్లుతుంది. విచ్చుకున్నాక చిన్న ముక్కలు ఇవ్వండి. క్లౌన్ ఫిష్ ఉందా?

కొత్తకెరటం
రెండున్నాయి. హామర్‌లో దూరి పడుకుంటాయి.

మైసిస్‌ముక్క
కొన్నాళ్లు టార్చ్ వైపు వస్తున్నాయేమో గమనించండి. బలంగా ఉన్న కోరల్ వాటి దొర్లుడు తట్టుకుంటుంది, నీరసంగా ఉన్నది తట్టుకోదు. వస్తుంటే గుడ్ల డబ్బా లాంటి చిల్లుల ప్లాస్టిక్ బుట్ట ఏదైనా బోర్లించండి.

కొత్తకెరటం
అప్‌డేట్: రెండు హెడ్‌లూ తెరుచుకున్నాయి. ఇదివరకటంత పొడవు లేవు కానీ కండ ఉబ్బి స్కెలిటన్ అంచు మళ్లీ కప్పేసింది. జిగురు మళ్లీ కనిపించలేదు. గెలాక్సియా కుడి చివర విడి రాయి మీద ఉంది, రాత్రి దారాలు గాజు వైపు ఊగుతున్నాయి.

రీఫ్‌రాధ
బాగుంది. గెలాక్సియా పెరుగుతుంది సుమా, ఇప్పటి దూరం తర్వాత చాలదు. కట్ చేసిన కాడ మొన మీద ఆల్గే పడుతుంది, అది చూసి మళ్లీ కంగారు పడకండి.

ఆక్రోభక్తుడు
పగడాలపిచ్చి గారు చెప్పినట్టే బేస్టర్‌తో కొట్టాను. చిటికెన వేలి గోరులో సగం ఉన్న పలచటి ముక్కలు రెండు రాలి అడుగున పాకాయి. అడుగున గుడ్లు కూడా ఉన్నాయి. డిప్ చేస్తే సరిపోతుందా?

పగడాలపిచ్చి
డిప్ పురుగుల్ని రాలుస్తుంది, గుడ్లని ఏమీ చేయదు. గుడ్లున్న స్కెలిటన్ భాగాన్ని కత్తిరించి పారేయండి, వీలుకాకపోతే బ్లేడుతో గీకి పైన కోరల్ అతికించే గ్లూతో కప్పేయండి. తర్వాత వారానికోసారి చొప్పున చాలా వారాలు డిప్ చేస్తూ పోవాలి, పొదిగి బయటికొచ్చిన వాటిని పెద్దవి కాకముందే పట్టడానికి. ఆక్రోలన్నిటినీ వేరే ట్యాంక్‌కి మార్చగలిగితే ఇంకా మంచిది. పాత ట్యాంక్‌లో మిగిలినవి తిండి లేక చస్తాయి.

సంప్‌సుబ్బు
ఆల్క్ మెల్లగా దించడం మాత్రం ఆపొద్దు.

ఆక్రోభక్తుడు
దిగుతోంది, ఇప్పుడు 10. మోంటిపోరా కోరల్ కూడా ఉంది, దాన్నీ తీసేయాలా?

పగడాలపిచ్చి
అక్కర్లేదు, ఈ పురుగు ఆక్రోపోరానే తింటుంది. మోంటిపోరాని తినేది తెల్లటి న్యూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త), మోంటిపోరా పలక అడుగు వైపు చూడండి. కనిపిస్తే మాత్రం దానికి వేరే దారం తెరవండి, ఉప్పుబస్తా గారు మళ్లీ కోప్పడతారు.